రామాపిథెకస్ దవడకు వయసు రాయబోయి

గుంటూరులో మా కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి ఒక మ్యూజియం గది ఉంది. మ్యూజియం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. నాలుగు అద్దాల బీరువాలు, ఫార్మలిన్ సీసాల్లో పాములు, తేళ్లు, ఒక మూల అస్థిపంజరం, గోడలకు రంగు వెలిసిన ఛార్టులు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందని కబురు రాగానే మా హెచ్‌ఓడీ గారు ఆ గది నాకు అప్పగించారు. "లేబుళ్లన్నీ పాతబడ్డాయమ్మా, టైపు చేయించి మార్చేయండి, రెండ్రోజుల పని" అన్నారు. పాములూ తేళ్లూ నిజంగానే అలాగే తేలిపోయాయి. పరిణామం బీరువాలో ఉన్న ఒక్క ప్లాస్టర్ ముక్క మాత్రం వేసవి సెలవులన్నీ తినేసింది.

అరచేతిలో ఇమిడిపోయే ముక్క అది. పై దవడలో కుడివైపు భాగం. రెండు ముందు దవడ పళ్లు, రెండు పెద్ద దవడ పళ్లు ఉన్నాయి. కోరపన్ను ఉండాల్సిన చోట గుంట మాత్రమే ఉంది. ఎప్పుడో ల్యాబ్ సామాన్లతో పాటు కొన్న నమూనా. దాని ముందు అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: "రామాపిథెకస్. మానవుని పూర్వీకుడు. శివాలిక్ కొండలు. 1.4 కోట్ల సం." మేం చదువుకున్నప్పుడు పుస్తకాల్లోనూ ఇదే. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న.

వెనక్కి తిప్పి చూస్తే పెయింటు కింద అంకెలు లీలగా కనిపించాయి. ఫోన్ లైటు ఏటవాలుగా పట్టుకుని చూశాను: 13799. అది అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పీబాడీ మ్యూజియం నంబరు. అక్కడి విద్యార్థి జి. ఎడ్వర్డ్ లూయిస్ 1932లో హిమాచల్‌ప్రదేశ్ బిలాస్‌పూర్ ప్రాంతంలోని హరితల్యంగర్ దగ్గర ఏరిన దవడ ముక్క. 1934లో దానికి రామాపిథెకస్ అని పేరు పెట్టాడు. అంటే మా బీరువాలో ఉన్నది ఏదో ఒక రామాపిథెకస్ కాదు, ఆ పేరుకు మూలమైన దవడ నకలే. ఊరు తెలిసింది, ఇక పని సులువనుకున్నాను.

ఊరు తెలిశాకే చిక్కు మొదలైంది. హరితల్యంగర్ మీద వచ్చిన పరిశోధన పత్రాలు ఒక్కొక్కటే దింపుకుని చదువుతుంటే ఎక్కడా 1.4 కోట్లు కనపడదు. అన్నీ 90 లక్షల ఏళ్లకు అటూ ఇటూ చెబుతున్నాయి. యాభై లక్షల ఏళ్ల తేడా! మనిషి, చింపాంజీ విడిపోయి గడిచిన కాలంలో అది చాలా భాగం. అంత తేడా అట్టముక్క మీదికి ఎక్కడి నుంచి వచ్చింది?

కెన్యా నుంచి వచ్చింది. అక్కడి ఫోర్ట్ టెర్నాన్ అనే చోట లూయిస్ లీకీ అనే శిలాజ పరిశోధకుడికి 1961లో ఒక దవడ దొరికింది. దానికి ఆయన కెన్యాపిథెకస్ అని పేరు పెట్టాడు. ఆ చోట అగ్నిపర్వతపు పొరలు ఉండడంతో పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో వయసు కట్టగలిగారు: 1.4 కోట్ల ఏళ్లు. మరోవైపు యేల్‌లో ఎల్విన్ సైమన్స్ హరితల్యంగర్ దవడను మళ్లీ పైకి తీసి, ఇది మనిషి వైపు జీవి అని వాదించాడు. కెన్యా దవడ కూడా రామాపిథెకస్సే అన్నాడు. పేరు ఒకటే అయ్యాక వయసు కూడా ఒకటే అయిపోయింది. ఆఫ్రికా రాతిలో కట్టిన లెక్క హిమాచల్ దవడకు అతుక్కుని, అక్కడి నుంచి పాఠ్యపుస్తకాల్లోకి, చివరికి గుంటూరు బీరువాలోకి వచ్చింది.

మిగతా కథ చాలామందికి తెలిసిందే. 1967లో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ రక్తంలోని ప్రొటీన్లు పోల్చి, మనిషి ఆఫ్రికా ఏప్‌ల (చింపాంజీ, గొరిల్లా లాంటి తోకలేని వానరాల) నుంచి విడిపోయి సుమారు 50 లక్షల ఏళ్లే అయిందన్నారు. ఎముకల వాళ్లు ఒప్పుకోలేదు. తర్వాత పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో శివాపిథెకస్ అనే మరో పాత ఏప్ ముఖం దొరికింది. 1982లో డేవిడ్ పిల్‌బీమ్ దాన్ని వర్ణిస్తే, కళ్ల గుంటలు, ముక్కు కింది భాగం అచ్చం ఒరాంగుటాన్‌లా ఉన్నాయి. రామాపిథెకస్ అన్నది శివాపిథెకస్‌లోనే కలిసిపోయింది. అంతకుముందు రామాపిథెకస్ మనిషి పూర్వీకుడే అని గట్టిగా వాదించిన వాళ్లలో పిల్‌బీమ్ కూడా ఒకడు. సాక్ష్యం చూసి తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. నాకు ఆ పెద్దమనిషి మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

పాత లేబుల్‌లో పేరు పోయింది, 'పూర్వీకుడు' పోయింది, అంకె పోయింది. శివాలిక్ కొండలు ఒక్కటే మిగిలాయి.

ఫైనలియర్ అబ్బాయి ఒకడు సెలవుల్లో నాకు సాయంగా వచ్చేవాడు. "మేడమ్, కార్బన్ డేటింగ్ చేస్తే సరిపోతుంది కదా, ఇంత గొడవ ఎందుకు?" అని అడిగాడు. టీవీల పుణ్యమా అని అందరికీ తెలిసిన పద్ధతి అదొక్కటే. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగం అయిపోతుంది. 50 వేల ఏళ్లు దాటాక కొలవడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. 90 లక్షల ఏళ్ల దవడ దగ్గర దానికి పనే లేదు. పొటాషియం-40 అయితే సగం కావడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి ఎంత పాత రాయికైనా సరిపోతుంది. కానీ అది కొలిచేది అగ్నిపర్వతం కక్కిన బూడిదనో లావానో, ఎముకను కాదు. శివాలిక్ రాళ్లేమో హిమాలయాల నుంచి నదులు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. బూడిద పొరలు అక్కడక్కడ తప్ప లేవు.

"మరి ఎలా?" అన్నాడు. ఆ మాటకు సమాధానం కోసమే విజయవాడ వెళ్లాను. నా ఇంటర్ స్నేహితురాలు ఒకామె జియాలజీ చేసి, భూగర్భ జలాల సర్వేలు చేస్తూ అక్కడే స్థిరపడింది. ఫోన్‌లో విషయం చెప్పగానే, "ఏమే, ఎముకలు మీకు, రాళ్లు మాకు అని అప్పుడే పంచుకున్నాం కదా, ఇప్పుడెందుకు మా వాటాలోకి వస్తున్నావ్" అని నవ్వి, పొద్దున్నే ఉండవల్లి వైపు కరకట్ట దగ్గరికి రమ్మంది. ఎండ ముదరకముందే చూపించి పంపేస్తానంది.

బ్యారేజీ కింద నీళ్లు తగ్గి ఇసుక తేలి ఉంది. వరద కోసేసిన ఒడ్డు గోడలా నిలబడి, అందులో ఇసుక, ఒండ్రు పొరలు వరుసగా కనిపిస్తున్నాయి. ఆమె ఒక పొరలోంచి రెండు వస్తువులు వేలితో పెకలించి నా చేతిలో పెట్టింది. ఒకటి గేదె పక్కటెముక ముక్క, తెల్లగా, తేలిగ్గా ఉంది. రెండోది కుండపెంకు. దాని అంచులు చేత్తో తడిమితే సబ్బుబిళ్లలా నున్నగా ఉన్నాయి. "ఎముక నిన్నమొన్నటిది. ఈ పెంకు నదిలో ఎన్నేళ్లు దొర్లిందో, ఎగువన ఏ దిబ్బలోంచి కొట్టుకొచ్చిందో. రెండూ ఒకే పొరలో ఉన్నాయి. ఇప్పుడు చెప్పు, ఈ పొర వయసు పెంకుదా, ఎముకదా?" అంది. శివాలిక్ కూడా నది పోసిన ఒండ్రే. పాత పొరలోంచి కొట్టుకొచ్చిన పన్ను కొత్త పొరలో పడొచ్చు. అందుకే పన్ను దొరకగానే అంచులు అరిగాయా, దానికి అంటుకున్న మట్టి ఆ పొర మట్టేనా, అది పొరలోపల ఉందా లేక వాలు మీద రాలి పడి ఉందా అని చూస్తారు. ఇవి రాసుకోని శిలాజం మ్యూజియంలో ఎంత అందంగా ఉన్నా వయసు దగ్గర మాట్లాడదు.

తర్వాత కొండ పక్కకు తీసుకెళ్లి బ్రంటన్ దిక్సూచి బయటికి తీసింది. ఇక్కడి రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడిన రూపాంతర శిలలు. వాటిలో ఏప్ కాదు కదా నత్తగుల్ల కూడా దొరకదు. అయినా పద్ధతి చూపించడానికి చాలు. రాతి ముఖం మీద మార్కర్‌తో బాణం గుర్తు గీసి, అది ఏ దిక్కు చూస్తోందో, ఎంత వాలి ఉందో పుస్తకంలో రాసింది. "రాయి కోసి తీసుకెళ్లాక ల్యాబ్‌లో దానికి ఉత్తరం ఎటో తెలియాలి కదా. ఈ బాణం లేకపోతే అది ఉత్త రాయి."

ఆమె చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఒండ్రులో ఇనుప ఖనిజాల రేణువులు ఉంటాయి. నీళ్లలో నెమ్మదిగా కిందికి దిగేటప్పుడు అవి భూమి అయస్కాంత దిశకు ఒదిగి కూర్చుంటాయి. భూమి అయస్కాంతం ఎప్పుడూ ఒకేలా లేదు. మధ్యమధ్య తలకిందులవుతుంది, ఉత్తరం దక్షిణమవుతుంది. చివరిసారి అలా మారి సుమారు 7.8 లక్షల ఏళ్లయింది. కొండ అడుగు నుంచి పైదాకా మెత్తటి మట్టిరాయి పొరల్లో నమూనాలు తీసుకుంటూ పోతే, ఇది మామూలు, ఇది తలకిందులు అని ఒక చారల పట్టీ తయారవుతుంది. ల్యాబ్‌లో ఆ రాళ్లను అంచెలంచెలుగా వేడి చేస్తారు, తర్వాతి కాలంలో పైన ఎక్కిన అయస్కాంతం వదిలిపోయి అసలుది మిగలాలని. హిమాచల్‌లో పొరలు మడతపడి వాలిపోయాయి కాబట్టి ఆ వాలు కూడా లెక్కలోంచి తీసేయాలి. చివరికి ఆ పట్టీని, సముద్రపు అడుగు రాళ్లను, వయసు కట్టిన లావాలను ఆధారం చేసుకుని తయారుచేసిన ప్రపంచ పట్టీ పక్కన పెట్టి ఎక్కడ కుదురుతుందో చూస్తారు.

"కుదరడం అంటే? నలుపు తెలుపు చారలు ఎక్కడైనా కుదురుతాయి కదా" అన్నాను. "అదే అసలు టెన్షన్" అంది. ఒక చోట మేకు కొట్టాలి. శివాలిక్‌కు అదృష్టం ఏమిటంటే, సుమారు 1 కోటి 10 లక్షల ఏళ్ల నుంచి 98 లక్షల ఏళ్ల దాకా అయస్కాంతం దాదాపు మార్పు లేకుండా మామూలు దిశలోనే ఉండిపోయింది. పట్టీలో అది పొడుగాటి నల్ల చారలా కనిపిస్తుంది. దాని దగ్గర పొరపాటు పడడం కష్టం. ఆ చార దొరికితే కిందా పైనా మిగతావి లెక్కపెట్టుకోవచ్చు. మరి ఆ చార అదేనని గుర్తుపట్టించేది ఎవరంటే, ఆ పొరల్లో ఉన్న జంతువులు.

జంతువులు అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అది మా వాటా.

గుంటూరు వచ్చి ఎక్సెల్ తెరిచాను. అడ్డంగా కాలం, 1.5 కోట్ల నుంచి 70 లక్షల దాకా. నిలువుగా జంతువుల పేర్లు. పాకిస్తాన్ వైపు శివాలిక్ పొరలైన పొట్వార్‌లో ఏ జంతువు మొదట ఎప్పుడు కనిపించింది, చివరిసారి ఎప్పుడు కనిపించింది అన్నవి పత్రాల్లోంచి తీసి గళ్లు నింపుతున్నాను. కొత్త చోట దొరికిన శిలాజాల జాబితా ఇస్తే, వాటి కాలాలన్నీ ఎక్కడ కలుస్తాయో అదే ఆ చోటి వయసు. చెప్పడానికి తేలిక. పిల్లలకు ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు.

తోవ చూపించింది మా అత్తయ్యగారు. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పక్కనే ఆవిడ పాత ఫొటోల డబ్బా ముందేసుకుని కూర్చున్నారు. తేదీ లేని పెళ్లి ఫొటో ఒకటి తీసి, తనలో తానే అనుకుంటున్నారు: "మీ మావగారి నాన్న కుర్చీలో ఉన్నారు, అంటే డెబ్బై రెండుకి ముందే. మా ఆఖరి మరిది చంకలో ఉన్నాడు, అంటే అరవై తొమ్మిది తర్వాతే. పక్కింటి పిన్నిగారు ఎటూ ఉంటారు, ఆవిడ ప్రతి ఫొటోలోనూ ఉంటారు." నేను చేస్తున్న పని సరిగ్గా అదే. పక్కింటి పిన్నిగారితో సహా.

ఎందుకంటే నా పట్టికలో అలాంటి పిన్నిగార్లు చాలామంది ఉన్నారు. డైనోథీరియం అని, కింది దవడ నుంచి కిందికి వంగిన దంతాలతో ఏనుగుల దూరపు చుట్టం ఒకటి. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, పోస్టరు వేస్తే పిల్లలు దాని ముందే నిలబడతారు. కానీ లక్షల ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా ఉండిపోయింది కాబట్టి వయసు విషయంలో దాదాపు ఏమీ చెప్పదు. పందులు నయం. లిస్ట్రియోడాన్ అనే పంది చింజీ అని పిలిచే పాత పొరల్లో ఉంటుంది, తర్వాత కనుమరుగై ప్రొపొటామోకీరస్ అనే మరో పంది మామూలవుతుంది. ఏ పంది పన్ను దొరికిందో చూసి పాతదా కొత్తదా అనొచ్చు. మన జియలాజికల్ సర్వేలో పనిచేసిన గై పిల్‌గ్రిమ్ 1910లో శివాపిథెకస్‌కు పేరు పెట్టినవాడు. అయస్కాంతాల ఊసు లేని ఆ రోజుల్లోనే ఇలాంటి జంతువుల బట్టి శివాలిక్ పొరలను చింజీ, నగ్రీ, ధోక్ పఠాన్ అని వరసలో పెట్టాడు. ఆ పేర్లే ఇప్పటికీ వాడుతున్నారు.

అందరిలోకీ పేరున్న సాక్షి హిప్పారియన్, మూడు వేళ్ల గుర్రం. గుర్రాలు ఉత్తర అమెరికాలో పుట్టి పెరిగాయి. సముద్రమట్టం దిగినప్పుడు బేరింగ్ దగ్గర తేలిన నేల మీదుగా ఆసియాలోకి వచ్చాయి. శివాలిక్‌లో అవి సుమారు 1 కోటి 7 లక్షల ఏళ్ల కిందట ఒక్కసారిగా కనిపిస్తాయి, ఆ తర్వాత ఎక్కడ తవ్వినా వాటి పళ్లే. కాబట్టి హిప్పారియన్ ఉన్న పొర ఆ కాలం కంటే కొత్తదని గట్టిగా చెప్పొచ్చు. హరితల్యంగర్‌లో అది ఉంది. ఆ ఒక్క గుర్రపు పన్ను చాలు, మా లేబుల్ మీది 1.4 కోట్లను కొట్టేయడానికి.

లేకపోవడం దగ్గర మాత్రం జాగ్రత్త. హిప్పారియన్ దొరకలేదు కాబట్టి పాతది అనేస్తే తొందరపాటు అవుతుంది. అంత పరిమాణం ఉన్న జంతువుల ఎముకలు వేలల్లో దొరికి వాటిలో గుర్రం ఒక్కటీ లేకపోతే అదొక సాక్ష్యం. నాలుగు ఎముకలు దొరికిన చోట లేకపోతే అది ఏ సాక్ష్యమూ కాదు. ఇంకోటి, యూరప్‌లో ఇదే గుర్రం 1 కోటి 11 లక్షల ఏళ్లకు అటూ ఇటూ, అంటే మనకంటే ముందే కనిపిస్తుంది. స్పెయిన్ ఏప్‌లకు కట్టిన లెక్క యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే లక్షల ఏళ్లు తేడా వస్తుంది. కెన్యా అంకె తెచ్చి హిమాచల్‌కు పెట్టినట్టే.

ఇంత చేశాక అర్థమైంది, వయసు బాగా చెప్పేవి పెద్ద జంతువులు కావు, ఎలుకలు. వాటికి తరాలు త్వరగా మారతాయి, పళ్లూ త్వరగా మారతాయి, పిడికెడు మట్టిలో పదుల సంఖ్యలో దొరుకుతాయి. పొట్వార్‌లో సుమారు 1.4 కోట్ల ఏళ్ల నాటి ఆంటెమస్ అనే ఎలుక పన్ను మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. మన ఎలుకల పై దవడ పంటి మీద మూడు వరసల బుడిపెలు ఉంటాయి. ఆంటెమస్‌లో లోపలివైపు మూడో వరస అప్పుడప్పుడే మొలకెత్తుతోంది. తర్వాతి పొరల్లో వచ్చే ప్రొగొనోమిస్‌లో వరసలు పూర్తవుతాయి. ఈ మార్పునే పట్టుకుని, చిట్టెలుకల శాఖ, పెద్ద ఎలుకల శాఖ విడిపోయి సుమారు 1.2 కోట్ల ఏళ్లని కట్టిన లెక్కను జన్యువుల వాళ్లు ఏళ్ల తరబడి తమ గడియారానికి ముల్లుగా వాడుకున్నారు.

ఇది చదివి ఊరుకోలేకపోయాం. మా పాత స్టోర్‌రూమ్ వెంటిలేటర్‌లో గుడ్లగూబల జంట ఒకటి ఉంటుంది. అవి ఎలుకల్ని మింగి, అరగని బొచ్చూ ఎముకలూ ఉండలుగా కక్కేస్తాయి. శిలాజాల్లో కూడా చిన్న పళ్లు ఒకేచోట కుప్పగా దొరకడానికి ఇలాంటి పక్షులే ఒక కారణం. అటెండరు ముక్కు మూసుకుని ఆ ఉండలు ఊడ్చి తెచ్చి ఇచ్చాడు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, టీ వడబోసే జల్లెడలో కడిగి, ఆరబెట్టి, నల్ల కాగితం మీద పరిచి, సన్నటి బ్రష్ కొన తడిపి ఒక్కో పన్నూ అంటించి తీశాం. అసలు శిలాజాల వాళ్లూ మట్టిని ఇలాగే నానబెట్టి సన్న జల్లెళ్లలో కడుగుతారు, కాకపోతే బస్తాలకు బస్తాలు. మైక్రోస్కోప్ కింద పెట్టగానే ఆ అబ్బాయి, "మేడమ్, మూడు వరసలు!" అని అరిచాడు. పందికొక్కు పన్నుకీ చిట్టెలుక పన్నుకీ తేడా ఆ సాయంత్రానికే వాడికి చూపు పట్టింది. రెండేళ్ల పాఠాలు చేయని పని ఆ కంపు ఉండలు చేశాయి.

ఒంటరి పన్ను విలువ ఏమిటో ఆ తర్వాత రామ్‌నగర్ సంగతి చెబితే ఇట్టే అర్థమైంది. జమ్మూలో ఉధంపూర్ జిల్లా రామ్‌నగర్ దగ్గర 2015లో పరిశోధకులు కొండ ఎక్కుతూ అలసి కాసేపు ఆగినప్పుడు, మట్టిలో ఏదో మెరిసింది. కింది దవడ చివరి పన్ను, ఒక్కటే. ఐదేళ్ల పోలికల తర్వాత 2020లో కాపి రామ్‌నగరెన్సిస్ అని పేరు పెట్టారు. గిబ్బన్‌ల వంశంలో అతి పాతది ఇదేనని వాళ్లు అన్నారు. దాని వయసు 1.25 నుంచి 1.38 కోట్ల ఏళ్లు అని రాశారు. ఎలా? ఆ చుట్టుపక్కల దొరికిన జంతువులు పొట్వార్ చింజీ పొరల్లో ఏ కాలానివో పోల్చి. ఏప్ పన్ను తన వయసు తాను చెప్పదు, తోటి జంతువులు చెబుతాయి. అంకె ఒకటి కాకుండా రెండు ఉండడం కూడా గమనించండి. అది చేతకానితనం కాదు, నిజాయితీ.

ఈ పట్టిక పట్టుకెళ్లి చూపిస్తే మా హెచ్‌ఓడీ గారు కళ్లజోడు సర్దుకుని సూటిగా పట్టుకున్నారు. "గుర్రాన్ని చూసి చారను గుర్తుపడతారు. ఆ చారను చూసి గుర్రం వయసు చెబుతారు. ఇది మీకు సబబుగా ఉందా?" అన్నారు. నాకూ మొదట్లో అదే అనుమానం. దానికి జవాబు, గుర్రం పని చారల పట్టీని ఇంచుమించు ఏ భాగంలో పెట్టాలో చూపించడం వరకే. ఆ తర్వాత కిలోమీటర్ల మందాన ఉన్న పొరల్లో పొడుగు చారలూ పొట్టి చారలూ అన్నీ వరసగా కుదరాలి. ఒకటి తప్పితే మొత్తం తప్పుతుంది. వేరు వేరు లోయల్లో వేరే వాళ్లు తీసిన పట్టీలు కూడా ఒకదానితో ఒకటి కలవాలి. అక్కడక్కడ దొరికే బూడిద పొరలు గుర్రంతో సంబంధం లేకుండా విడిగా వయసు చెబుతాయి. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, ఒప్పుకుంటున్నాను, కానీ లేబుల్ మీద ఇదంతా పట్టదు" అన్నారు.

నిజమే. ఆయన ఒక్క అంకె చాలన్నారు, పిల్లలు బట్టీ పట్టడానికి. నేను కుదరదన్నాను. ఒక్క అంకె రాసే కదా కెన్యా వయసు ఇక్కడిదాకా వచ్చింది. ఊరు పేరు, ఏ ఆధారంతో అన్నది లేకుండా అంకె రాస్తే ఇరవై ఏళ్ల తర్వాత ఇంకొకరికి ఇదే పని. ఆయన అభ్యంతరం అక్షరాలు చిన్నవైతే కనపడవని. చివరికి అట్ట సైజు పెంచి ఇద్దరం రాజీ పడ్డాం. అరండల్‌పేటలో ప్రింటు తీయించిన లేబుల్ ఇది: "శివాపిథెకస్ (పాత పేరు రామాపిథెకస్). పై దవడ, నమూనా. అసలు శిలాజం హరితల్యంగర్, హిమాచల్‌ప్రదేశ్, 1932. వయసు సుమారు 90 లక్షల ఏళ్లు: పొరల అయస్కాంత దిశ, తోడుగా దొరికిన మూడు వేళ్ల గుర్రం తదితర జంతువుల ఆధారంగా. ఒరాంగుటాన్ శాఖకు దగ్గరి జీవి." ప్రింటు షాపు కుర్రాడు 'ఒరాంగుటాన్' రెండుసార్లు తప్పు కొట్టాడు, అదొక్కటే ఆలస్యం.

లేబుల్‌లో పట్టనిది ఒకటి పిల్లలకు నోటితో చెబుతున్నాను. పొట్వార్‌లో శివాపిథెకస్ 1.27 కోట్ల ఏళ్ల కిందట మొదలై 85 లక్షల ఏళ్ల దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి పొరల పాత నేలల్లోని సున్నపు గడ్డల్లో కార్బన్ ఐసోటోపులు కొలిస్తే, 80 నుంచి 60 లక్షల ఏళ్ల మధ్య చెట్ల అడవి పోయి గడ్డిమైదానం పరుచుకున్నట్టు తెలుస్తుంది. పండ్లు తిని బతికే జంతువుకు అది ఊరు ఖాళీ చేయమన్న నోటీసు లాంటిదే. వయసులు ఇంత జాగ్రత్తగా కట్టకపోయి ఉంటే, ఏప్ ముందు పోయిందా అడవి ముందు పోయిందా అన్న ప్రశ్న అడగడానికి కూడా వీలుండేది కాదు.

అదే బీరువాలో ఇంకో నమూనా ఉంది, జైగాంటోపిథెకస్ అనే భారీ ఏప్ దవడ పన్ను, బొటనవేలంత. దాని మొదటి పన్ను 1935లో ఫాన్ కోనిగ్స్‌వాల్డ్ అనే శిలాజ శాస్త్రవేత్తకు దొరికింది తవ్వకంలో కాదు, హాంకాంగ్‌లో నాటుమందుల దుకాణంలో. డ్రాగన్ ఎముకలని అమ్ముతుంటే కొన్నాడు. ఏ గుహలోదో, పక్కన ఏముందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ పన్నుతో వయసు తేలలేదు. తర్వాత దక్షిణ చైనా గుహల్లో పద్ధతిగా తవ్వి, మట్టికీ పళ్లకూ ఆరు రకాల పరీక్షలు చేసి, ఆ జీవి 2,95,000 నుంచి 2,15,000 ఏళ్ల మధ్య అంతరించిందని 2024లో ప్రకటించారు. దీని లేబుల్ ఒక్క పూటలో రాసేశాను. పని తెలిసిపోయింది కదా.

ఇప్పుడు హెచ్‌ఓడీ గారికే కొత్త ఉత్సాహం వచ్చింది. "హిమాచల్, జమ్మూ, చైనా సరే, మన ఎముకలేవమ్మా?" అంటున్నారు. ఉన్నాయి. బేతంచెర్ల దగ్గర బిల్లసుర్గం గుహల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1884లో తవ్వించిన ఎముకల్ని లైడెక్కర్ అనే శిలాజ శాస్త్రవేత్త వర్ణించి, అందులో ఒక ఖడ్గమృగానికి రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని మన కర్నూలు పేరే పెట్టాడు. అక్కడికి దగ్గర్లోనే జ్వాలాపురంలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల కిందట చిమ్మిన బూడిద పొర ఉంది. శివాలిక్ వాళ్లు వెతుక్కునే బూడిద మన గడప దగ్గరే ఉందన్నమాట. గుహ ఎముకలు శివాలిక్‌తో పోలిస్తే నిన్నటివి. వాటిలో చిన్న వయసు వాటికి కార్బన్ కూడా పనికొస్తుంది. వచ్చే సెలవుల్లో వెళ్లడానికి ఫైనలియర్ పిల్లలు పేర్లు ఇచ్చేశారు. బస్సు ఖర్చు ఏ పద్దు కింద రాయాలన్న దగ్గర ఫైలు ఆగి ఉంది.